‘ఫలితాలు లేవు’ అనే ముందు

(గ్రంథాలయ శాస్త్రం, కంప్యూటర్ సైన్స్ చదువుతున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం, తరువాత జరిగిన ప్రశ్నోత్తరాలతో సహా)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో లైబ్రరీ సైన్స్ వాళ్లు, వెనక కంప్యూటర్ సైన్స్ వాళ్లు కూర్చున్నారని చెప్పారు. వీలైతే కలిసి కూర్చోండి. ఇవాళ నేను చెప్పబోయే పని ఏ ఒక్కరి వల్లా అయ్యేది కాదు.

ఒక ఊరి లైబ్రరీలో పుస్తకాల జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కించారనుకోండి. వెబ్ పేజీలో ఒక పెట్టె, పక్కన ‘వెతుకు’ అని బటన్. ఒకాయన ‘పెళ్లి పాటలు’ అని టైప్ చేశాడు. ‘ఫలితాలు లేవు’ అని వచ్చింది. లేదు కాబోలు అనుకుని వెళ్లిపోయాడు. పుస్తకం బీరువాలో ఉంది. డేటాబేస్‌లోనూ ఉంది. కాకపోతే అక్కడ ‘పెళ్ళి పాటలు’ అని ఉంది. ఆయన ళ కింద ల వత్తు ఇచ్చాడు, ఎక్కించినవాళ్లు ళ వత్తు ఇచ్చారు. ఇద్దరూ తప్పు రాయలేదు. రెండూ మనం రోజూ చూసే రూపాలే.

‘ఫలితాలు లేవు’ అంటే ఆ లైబ్రరీ తన పాఠకుడికి ఇస్తున్న సమాధానం. కౌంటర్‌లో కూర్చున్న మనిషి అలా చెబితే మనం ఇంకోసారి అడుగుతాం, ‘ఒకసారి లోపల చూడండి’ అంటాం. స్క్రీన్ చెబితే ఎవరూ ఎదురు అడగరు, నమ్మేస్తారు. అందుకే ఆ మాట నిజమైనప్పుడే పేజీ మీదికి రావాలి. వెతికే పేజీ కట్టేవాళ్ల మొదటి బాధ్యత ఇదేనని నేను అనుకుంటాను. వేగం, రంగులు, అందం అన్నీ దీని తరువాతే.

పని ఎలా జరుగుతుందో కాస్త చూద్దాం, వెనక వరుసలవాళ్లకు తెలిసిందే. బ్రౌజర్‌లో మీరు టైప్ చేసిన మాట సర్వర్‌కు వెళ్తుంది. అక్కడి ప్రోగ్రామ్ ఆ మాటను ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషలో ప్రశ్నగా మార్చి డేటాబేస్‌ను అడుగుతుంది. డేటాబేస్ కొన్ని వరుసలు తిరిగి ఇస్తుంది. ప్రోగ్రామ్ వాటిని హెచ్‌టీఎంఎల్ పేజీగా అల్లి పంపుతుంది. టేబుళ్లలో డేటాను పెట్టుకునే పద్ధతిని ఐబీఎంలో పనిచేసే కాడ్ 1970లో ప్రతిపాదించాడు. ఎస్‌క్యూఎల్ పూర్వరూపం 1974లో అదే కంపెనీలో వచ్చింది. వెబ్ పేజీ వెనక ప్రోగ్రామ్ నడిపే సీజీఐ పద్ధతి 1993లో వచ్చింది. ఇవి పుట్టిన చోట ఉన్నది ఇంగ్లిష్. తెలుగు వీటిలోకి తరువాత వచ్చి చేరింది, సర్దుబాట్లు మనమే చేసుకోవాలి.

ఒక చిన్న విషయం. వెతికే ఫారమ్‌ను ఎప్పుడూ గెట్ పద్ధతిలో పంపండి, పోస్ట్ వద్దు. అప్పుడు వెతికిన మాట అడ్రస్‌లో ఉంటుంది. ఆ లింకును వాట్సాప్‌లో స్నేహితుడికి పంపితే అతనికీ అదే ఫలితం కనిపిస్తుంది. అడ్రస్ పొడుగ్గా కనిపిస్తే కంగారు పడకండి. ‘పెళ్లి’ అన్న మాట కంప్యూటర్ లెక్కలో ఆరు సంకేతాలు: ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, అంటే 18. అడ్రస్‌లో ఒక్కో బైటుకు మూడు గుర్తులు, అంటే 54. కంటికి రెండే అక్షరాలు.

ఈ లెక్క ఊరికే చెప్పలేదు. మనకు అక్షరంగా కనిపించేది కంప్యూటర్‌కు సంకేతాల వరుస. ‘పెళ్లి’కీ ‘పెళ్ళి’కీ ఆరింటిలో ఒక్క సంకేతమే తేడా. మనకు ఒకటే మాట, డేటాబేస్‌కు రెండు వేర్వేరు మాటలు. అది పోల్చి చూసేది సంకేతాలనే. అర్థం దానికి తెలియదు.

ఇలాంటి తేడాలు తెలుగులో ఎన్ని ఉన్నాయో ముందు వరుసలవాళ్లు చెప్పగలరు. పాత పుస్తకాల పేర్లు చూడండి. చరిత్రము, చరిత్రం, చరిత్ర. భారతము, భారతం. పాత అచ్చులో బండి ఱ, అరసున్న. ‘కొఱకు’ అని పుస్తకం అట్ట మీద ఉంటే, ఇవాళ వెతికే పిల్ల ‘కొరకు’ అనే కొడుతుంది. ‘వొక’, ‘ఒక’. ‘యెందుకు’, ‘ఎందుకు’. ‘ఇన్దిర’, ‘ఇందిర’. తెలుగు అంకెల్లో వేసిన సంవత్సరం ఒకటి, మామూలు అంకెల్లో వేసింది ఒకటి.

కంటికి కనిపించని తేడాలు ఇంకా ఇబ్బంది. ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా కనిపించాలంటే, ట పొల్లు తరువాత వ వత్తుగా కిందికి దిగకుండా ఆపే ఒక గుర్తు పెడతాం. దానికి రూపం లేదు, వెడల్పు లేదు, కానీ అదీ ఒక సంకేతమే. కొందరి కీబోర్డు దాన్ని వేస్తుంది, కొందరిది వెయ్యదు. ‘ఆంధ్రప్రదేశ్‌లో’ అన్న మాటలోనూ ఉంది. ఐత్వం సంగతి కూడా చూడండి. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్. యూనికోడ్‌లో ఐత్వానికి ఒక సంకేతం ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింద చేరే గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. స్క్రీన్ మీద తేడా తెలియదు. ‘సమానం’ గుర్తు పెట్టి అడిగితే మాత్రం ఈ రెండూ సమానం కావంటుంది డేటాబేస్.

దీనికి మందు ఉంది, కష్టమైనది కూడా కాదు. పుస్తకం పేరుకు రెండు కాలమ్‌లు పెట్టండి. మొదటి దానిలో పేరు అట్ట మీద ఎలా ఉందో అలాగే, అరసున్నతో, బండి ఱతో సహా. దాన్ని ఎవరూ దిద్దకూడదు, పాఠకుడికి చూపించేది అదే. రెండోది వెతకడానికి మాత్రమే, అది ఎవరికీ కనిపించదు. పేరును కొన్ని నియమాల గుండా నడిపించి అందులో పెడతాం. ముందు యూనికోడ్ వాళ్లు ఎన్ఎఫ్‌సీ అని పిలిచే ప్రామాణిక రూపానికి తెస్తే ఐత్వం గొడవ తీరుతుంది. కనిపించని గుర్తులు తీసేస్తాం. అరసున్న తీసేస్తాం. ఱను ర చేస్తాం, ళ కింద ళ వత్తును ల వత్తు చేస్తాం, మాట చివరి ‘ము’ను సున్న చేస్తాం, తెలుగు అంకెలను మామూలు అంకెలు చేస్తాం. పాఠకుడు టైప్ చేసిన మాటను కూడా సరిగ్గా అవే నియమాల గుండా, అదే ఫంక్షన్‌తో నడిపిస్తాం. ఇక రెండు వైపులా ఒకే రూపం ఉంటుంది కాబట్టి కలుస్తాయి.

ఎంతవరకు కలపాలి అన్నది తేల్చాల్సింది లైబ్రరీ సైన్స్ వాళ్లే. అతి చేస్తే చెత్త వస్తుంది. ‘వ్రాత’ను ‘రాత’ చేద్దాం అని ప్రోగ్రామర్ ఉత్సాహంగా మాట మొదట్లో వ్ర కనిపించిన ప్రతిచోటా ర పెట్టాడనుకోండి, వ్రతాలన్నీ రతాలైపోతాయి. అలాంటి వాటికి నియమం వద్దు. వ్రాత, వ్రాయు, వ్రాలు అని ఒక చిన్న జాబితా రాసి ఇవ్వండి, చాలు. ‘ము’ నియమం కూడా ‘పాము’, ‘గోము’ లాంటి చిన్న మాటల జోలికి పోకూడదు. పాము కాస్తా ‘పాం’ అయితే, ఆ తరువాత ‘పాములు’ అన్న పేరుతో కలవదు. ఇలాంటివి చూడగానే పట్టుకునేది భాషతో రోజూ మెలిగేవాళ్లు.

నా దృష్టిలో మరీ ప్రమాదమైన సంగతి ఇంకొకటి ఉంది. పుస్తకం వెనక ఇచ్చే పదసూచిక లాంటిది డేటాబేస్ కూడా తయారు చేసుకుంటుంది, దాన్ని ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్ అంటారు. అది కట్టాలంటే ముందు వాక్యాన్ని మాటలుగా విడగొట్టాలి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ను మనలో చాలామంది ప్రాజెక్టులకు వాడతారు, మంచి సాధనం. అందులో ఎఫ్‌టీఎస్5 అనే ఇండెక్స్ ఉంది. అదనంగా ఏమీ చెప్పకపోతే అది యూనికోడ్‌లో అక్షరాలు, అంకెలు అని ముద్ర ఉన్న వాటినే మాటలో భాగంగా తీసుకుంటుంది. మిగతావన్నీ దానికి ఖాళీ జాగాతో సమానం. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాల వర్గంలో లేవు, వాటిది గుర్తుల వర్గం. అంటే ‘కులం’ అన్న మాట దానికి క, ల అనే రెండు ముక్కలు.  కాలం, కోలం, కూలి, కీలు, అన్నీ క, ల.

(సభలో నవ్వులు)

నవ్వొస్తుంది, నిజమే. కూలీల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి ‘కూలి’ అని వెతికితే కోలాటం పాటలు, కులాల చరిత్రలు వచ్చి పడతాయి. ఆమెకు కావలసింది నాలుగో పేజీలో ఎక్కడో ఉంటుంది. ఎర్రర్ మెసేజ్ రాదు. పేజీ నిండా ఫలితాలు ఉంటాయి కాబట్టి తెలుగు చదవని టెస్టర్‌కు అంతా బాగున్నట్టే ఉంటుంది. దిద్దడానికి ఒక్క సెట్టింగు చాలు. మాటలు విడగొట్టే భాగాన్ని టోకనైజర్ అంటారు. ఆ టోకనైజర్‌కు కేటగిరీస్ అని ఒక ఆప్షన్ ఉంది, అందులో ఎమ్ఎన్, ఎమ్‌సీ అనే గుర్తుల వర్గాలను కూడా చేర్చాలి. పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు వాడి మాటలు విడగొట్టేవాళ్లు కూడా జాగ్రత్త. అందులో మాటకు వాడే డబ్ల్యూ గుర్తు మన గుణింతాలను లెక్కలోకి తీసుకోదు.

ఇక విభక్తులు. పుస్తకం, పుస్తకాలు, పుస్తకంలో, పుస్తకాన్ని, పుస్తకాలకు. ఇంగ్లిష్‌లో విడి మాటగా ఉండేది మనకు మాట చివర అతుక్కుంటుంది. ‘పుస్తక’ వరకు కలిస్తే చాలు అనుకుని మొదటి భాగంతో వెతికితే చాలావరకు పని జరుగుతుంది. ‘కవులు’ అని కొట్టినవాళ్లకు ‘కవుల చరిత్ర’ కనిపించాలంటే చివరి కొమ్మును వదిలెయ్యాలి. ‘ఇల్లు’ దగ్గర మాత్రం ఈ లెక్క ఆగిపోతుంది. ఇల్లు, ఇంటి, ఇంట్లో, ఇళ్లు. ‘ఊరు’, ‘ఊళ్లో’. ‘నెయ్యి’, ‘నేతి’. వీటికి మళ్లీ చేత్తో రాసిన జాబితానే శరణ్యం. లూసీన్ అనే ఓపెన్ సోర్స్ శోధన ప్రోగ్రామ్ తన తొమ్మిదో వెర్షన్‌లో, 2021లో, తెలుగుకు ప్రత్యేకంగా మాటలను వెతకడానికి సిద్ధం చేసే ఒక ఎనలైజర్ చేర్చింది. మీ ప్రాజెక్టు జావాలో ఉంటే దాన్ని చూడండి. ఇంకో మంచి పని చెయ్యండి, దాని నియమాలు చదివి ఎక్కడ తప్పుతోందో రాసి పంపండి. ఓపెన్ సోర్స్‌లో తెలుగు బాగుపడాలంటే తెలుగువాళ్లే పూనుకోవాలి.

రచయితల పేర్ల విషయంలో సూత్రాలు సరిపోవు, మనిషి కూర్చుని చెయ్యాల్సిందే. ఒకచోట రాచకొండ విశ్వనాథశాస్త్రి అని, ఒకచోట రావిశాస్త్రి అని, ఇంకోచోట రా, వి మధ్య చుక్కలు పెట్టి ఉంటుంది. చుక్కలు, ఖాళీలు తీసేస్తే తరువాతి రెండూ కలుస్తాయి. మొదటిది కలవదు. శ్రీశ్రీకి, శ్రీరంగం శ్రీనివాసరావుకు సంబంధం ఉందని ఏ నియమమూ చెప్పలేదు. ఆరుద్రకు, భాగవతుల సదాశివశంకర శాస్త్రికి కూడా అంతే. అందుకని రచయితలకు విడిగా ఒక టేబుల్, ప్రతి రచయితకు ఒక నంబరు, ఆ నంబరు కింద ఆయనకు ఉన్న పేర్లన్నీ ఇంకో టేబుల్‌లో పెట్టండి. పాఠకుడు ఏ పేరు కొట్టినా ఆ నంబరు దగ్గరికే రావాలి. లైబ్రరీ సైన్స్‌లో దీన్ని అథారిటీ ఫైల్ అంటారు, కార్డు కేటలాగుల కాలం నుంచీ ఉంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి అయిదు సూత్రాలలో మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలంటుంది. 1931లో వచ్చిన ఆ సూత్రం ఈ టేబుల్‌కు కూడా వర్తిస్తుంది.

వేగం గురించి ఎక్కువ చెప్పను. ముందు ఏమున్నా పరవాలేదని మాట ముందు పర్సెంట్ గుర్తు పెట్టి, ఎస్‌క్యూఎల్‌లోని లైక్‌తో వెతికితే మామూలు ఇండెక్స్ పనికిరాదు, టేబుల్ మొత్తం చదవాలి. ఇది పుస్తకాల్లో ఉన్న మాటే, నిజమే. కానీ మీ లైబ్రరీలో యాభై వేల పుస్తకాలు ఉంటే ఆ టేబుల్ మొత్తం చదవడానికి సెకనులో చిన్న భాగం చాలు. అంతమాత్రానికి పెద్ద సర్వర్ కొనమని ఎవరైనా అంటే ఆ డబ్బుతో పుస్తకాలు కొనండి.

భద్రత మాత్రం వాయిదా వెయ్యకూడదు. పాఠకుడు టైప్ చేసిన మాటను ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించకండి. ఖాళీ గుర్తు పెట్టి, విలువను విడిగా పంపండి, దాన్నే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు. అతికిస్తే దాడి చేసేవాడు టేబుళ్లు చెరిపెయ్యగలడు. దాడి సంగతి అటుంచినా, ఓ’హెన్రీ కథలు వెతికే పాఠకుడు ఆ కామా లాంటి గుర్తును మామూలు కీతో కొట్టగానే మీ వాక్యం విరిగిపోతుంది. అలాగే, ‘మీరు వెతికినది’ అని ఆ మాటను పేజీ మీద తిరిగి చూపిస్తాం కదా, అక్కడ ఎస్కేప్ చెయ్యకపోతే, అంటే ట్యాగు గుర్తులు మామూలు అక్షరాలుగానే కనిపించేలా మార్చకపోతే, ఎవరైనా లింకులో స్క్రిప్టు దాచి మీ పాఠకుల మీదికి వదలవచ్చు. డేటాబేస్ నుంచి వచ్చే పుస్తకం పేరును కూడా ఎస్కేప్ చెయ్యండి. మన డేటాయే కదా అన్న ధీమా వద్దు.

ఫలితాలు చూపించే పేజీకి వద్దాం. అచ్చంగా అదే పేరున్న పుస్తకం ముందు రావాలి. తరువాత ఆ మాటతో మొదలయ్యేవి, తరువాత పేరు మధ్యలో ఉన్నవి, చివర విషయంలో ఉన్నవి. మొత్తం ఎన్ని దొరికాయో, వాటిలో ఇప్పుడు చూస్తున్నవి ఎన్నో పైన రాయాలి. పేరు, రచయిత, సంవత్సరం, బీరువా నంబరు, ఇప్పుడు లోపల ఉందా, ఎవరైనా తీసుకెళ్లారా. చివరిది మరిచిపోతే బస్సెక్కి వచ్చిన మనిషి ఉత్త చేతులతో తిరిగి వెళ్తాడు.

వెతికిన మాటను పసుపు రంగుతో చూపించడం అందరికీ సరదా. తెలుగులో ఇక్కడ రెండు చిక్కులు. ‘పెళ్’ అని కొట్టినవాళ్లకు ‘పెళ్లి’లో పొల్లుతో సహా నాలుగు సంకేతాలు కలుస్తాయి. అక్కడ ట్యాగ్ మూసేస్తే వత్తు విడిపోయి అక్షరం చెదిరిపోతుంది. గుణింతానికి ముందు మూస్తే చుక్కల వలయం కనిపిస్తుంది. వివరణను వంద సంకేతాల దగ్గర కత్తిరించి చుక్కలు పెట్టినప్పుడూ ఇదే జరుగుతుంది, ‘క్ష’ కాస్తా ‘క్’ అయి కూర్చుంటుంది. సంకేతాలు లెక్కపెట్టి కొయ్యకండి. బ్రౌజర్‌లో సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది, అక్షరం ఎక్కడ ముగుస్తుందో అది చెబుతుంది. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకటిగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. పాత ప్రోగ్రామ్ లైబ్రరీలు వాడితే ఆ సాయం ఉండదు, వెర్షన్ చూసుకోండి. ఇంకా తేలిక దారి ఏమిటంటే, మాట మొత్తానికీ రంగు వెయ్యడం. నాకు అదే నచ్చుతుంది.

ఇన్ని చేసినా ఏమీ దొరకని రోజు వస్తుంది. అప్పుడు కూడా ఖాళీ పేజీ చూపించకండి. దగ్గరగా ఉన్న పేర్లు వెతికి ‘వీటిలో ఏదైనా మీకు కావలసిందా?’ అని అడగండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మాటను మూడేసి సంకేతాల ముక్కలుగా పోల్చే ట్రైగ్రామ్ సదుపాయం దీనికి బాగా పనికొస్తుంది. అలా దొరకని మాటలన్నీ ఒక టేబుల్‌లో రాసి పెట్టండి. ఎవరు వెతికారన్నది వద్దు, మాట చాలు. లైబ్రేరియన్ వారానికోసారి ఆ జాబితా చదవాలి. కొన్ని మాటలు చూడగానే కొత్త నియమం తడుతుంది. మిగిలినవి నిజంగానే మన దగ్గర లేని పుస్తకాలు, కొనాల్సిన వాటి జాబితా అందులోంచే వస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: మేడమ్, మా ఊళ్లో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో కొడతారు. వాళ్ల సంగతేమిటి?)

వాళ్లను పక్కన పెట్టలేం. ఫోన్‌లో అలా కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడో కాలమ్ పెట్టండి. తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి, తేడాలన్నీ చెరిపేసిన మోటు రూపం అందులో ఉంచండి. లక్ష్మి అన్న పేరును కొందరు ఎక్స్‌తో, కొందరు కే ఎస్ హెచ్‌తో రాస్తారు, రెంటినీ ఒకటి చెయ్యండి. దీర్ఘాలు, జంట అక్షరాలు ఒక్కటి చెయ్యండి. తకు, థకు తేడా తీసెయ్యండి. దీనిలో పొరపాటు కలయికలు ఎక్కువ వస్తాయి. అందుకని తెలుగులో కొట్టినవాళ్లకు ఈ కాలమ్ వాడకండి, వాడినా ఆ ఫలితాలు అడుగున ఉండాలి.

(ప్రశ్న: ఇప్పుడు ఏఐతో అర్థాన్ని బట్టి వెతకొచ్చు కదా మేడమ్, ఈ నియమాలన్నీ అవసరమా?)

విషయాన్ని బట్టి వెతికేవాళ్లకు అది నిజంగా ఉపయోగమే. ‘కరువు’ అని అడిగితే ‘క్షామం’ గురించిన పుస్తకాన్ని చూపించగలదు, నా నియమాలు ఆ పని చెయ్యలేవు. అయితే ఆ పద్ధతి ఎప్పుడూ దగ్గరగా ఉన్నదేదో ఒకటి తెచ్చి ఇస్తుంది. ఫలానా పుస్తకం మా దగ్గర ఉందా లేదా అన్న ప్రశ్నకు అలాంటి జవాబు సరిపోదు. రెండూ పెట్టుకోండి, పాఠకుడికి ఏది ఏ పద్ధతిలో వచ్చిందో తెలిసేలా విడివిడిగా చూపించండి.

(ప్రశ్న: మా లైబ్రరీలో జాబితా ఎప్పుడో డీటీపీ ఫాంట్లలో టైప్ చేసి ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?)

అది ముందు తేల్చాల్సిన పని. అను లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైలులో నిజానికి ఉన్నవి ఇంగ్లిష్ సంకేతాలు, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడిగింది. ఫాంటు తీసేస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. నేను చెప్పిన నియమాలేవీ వాటి మీద పనిచెయ్యవు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చిన తరువాత వత్తులు, పొల్లులు తెలుగు బాగా చదివేవాళ్లు సరిచూడాలి, ముఖ్యంగా రచయితల ఇంటిపేర్లు. అసలు ఫైలు కాపీ ఒకటి భద్రంగా పక్కన పెట్టుకోండి. మార్చిన పేరు మొదటి కాలమ్‌లోకి వెళ్తుంది, రెండోది ప్రోగ్రామ్ కడుతుంది. నియమం ఒక్కటి మార్చినా ఆ రెండో కాలమ్ మొత్తం మళ్లీ కట్టుకోవాలి, లేకపోతే పాత పుస్తకాలు పాత నియమంతో, కొత్తవి కొత్త నియమంతో ఉండిపోతాయి. యాభై వేల పుస్తకాలకైనా అది నిమిషాల్లో అయిపోయే పని.